మోటర్‌హోమ్‌కి ఏ డాష్‌క్యామ్ మేలు? సాక్ష్యం వేరు, కాపలా వేరు

డాష్‌క్యామ్, అంటే బండి అద్దానికి బిగించి రోడ్డుని రికార్డు చేసే కెమెరా, కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది "4కే (మరింత స్పష్టంగా తీసేది) తీసుకోవాలా, మామూలుది సరిపోతుందా?" అని. నేను తిరిగి అడిగేది ఒకటే. బండి నడుస్తున్నప్పుడు సాక్ష్యం కోసమా, ఆగి ఉన్నప్పుడు కాపలా కోసమా? రెండు పనులూ ఇదే చేస్తుందని ప్రతి అట్టపెట్టె మీదా రాసి ఉంటుంది. కారు వరకు ఆ మాట చాలావరకు నిజమే. ఏడు మీటర్ల పొడవుండి, లోపల పడకలు, పొయ్యి ఉండి, రాత్రంతా తెలియని చోట ఆగి ఉండే మోటర్‌హోమ్‌కి మాత్రం అది కుదరదు. అందుకే ఈ రెండిటినీ విడివిడిగా తూచాలి.

సాక్ష్యం: ముందు ఒక్కటా, ముందూ వెనకా, నాలుగు వైపులా?

ముందు కెమెరా ఒక్కటే పెడితే పని తేలిక. ఒకటే తీగ, కరెంటు ఖర్చు తక్కువ, చెడిపోయేవీ తక్కువే. ఎవరైనా అడ్డంగా వచ్చినా, సిగ్నల్ ఏ రంగులో ఉన్నా అందులో పడుతుంది. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మాత్రం ఒక కుదుపు, జీపీఎస్ చూపించే వేగం, ఇంతే మిగులుతుంది. మీరు ఆగి ఉన్నారని నిరూపించడానికి అదీ పనికొస్తుంది కానీ గుద్దినవాడి నంబరు దొరకదు. పైగా మోటర్‌హోమ్‌లో లోపలి అద్దంలోంచి చూస్తే వెనక రోడ్డు కాదు, మన గోడే కనిపిస్తుంది. కాబట్టి వెనక కెమెరా ఇక్కడ విలాసం కాదు.

చిక్కంతా తీగ దగ్గర వస్తుంది. కిట్‌తో ఇచ్చే వెనక కేబులు చాలావాటిలో ఆరు మీటర్లకి అటూ ఇటూ ఉంటుంది, కారు కొలతకి చేసింది. మోటర్‌హోమ్‌లో అది అద్దం పక్కనుంచి పైకెక్కి, కప్పు వెంట వెళ్లి, అల్మరాల వెనక దూరి, మళ్లీ కిందికి దిగాలి. ఏడు మీటర్ల బండికి పది మీటర్లు కూడా చాలకపోవచ్చు. మామూలు ఎక్స్‌టెన్షన్ కలిపితే బొమ్మ తెగిపోతుంటుంది. లారీలకి, బస్సులకి వాడే ఏహెచ్‌డీ రకం (పొడవాటి తీగ మీద కూడా బొమ్మని పంపగల) కెమెరాలు, నాలుగు పిన్నులు ఉండి మర తిప్పి బిగించే కేబుళ్లు ఈ పనికి మేలు. పదిహేను, ఇరవై మీటర్లయినా సిగ్నల్ నిలుస్తుంది. చాలా మోటర్‌హోమ్‌లకి వెనక కిటికీయే ఉండదు. ఉన్నా అది రెండు పొరల యాక్రిలిక్, లోపలి నుంచి చూస్తే హెడ్‌లైటు ఒక్కటే అయినా రెండు నీడలు కనిపిస్తాయి. నీళ్లు దిగని కెమెరాని బయట బిగించడమే దారి.

నాలుగు వైపులా చూసే సెట్టు వినడానికి బాగుంటుంది. కానీ ఒకే ప్రాసెసర్ నాలుగు బొమ్మల్ని పంచుకుంటుంది. చాలా సెట్లలో ఒక్కో వైపు స్పష్టత తగ్గుతుంది, కార్డు త్వరగా నిండుతుంది. లోపలికి తిప్పిన కెమెరా అయితే నేరుగా మీ పడకల్నే చూస్తుంది. టాక్సీకి అది అవసరం. మనం బట్టలు మార్చుకునే చోట నేను పెట్టను. నా ఓటు ముందూ వెనకా ఉన్న జోడీకే.

ఇక 4కే సంగతి. ఇక్కడ లెక్క వేసి చూడటం మంచిది. 140 డిగ్రీలు చూసే లెన్సుతో 1080పీ (మామూలు ఫుల్ హెచ్‌డీ) కెమెరాకి అడ్డంగా 1920 చుక్కలు (పిక్సెళ్లు), అంటే డిగ్రీకి 14 కూడా రావు. పది మీటర్ల దూరంలో అర మీటరు వెడల్పున్న నంబర్ ప్లేటు సుమారు మూడు డిగ్రీలు ఆక్రమిస్తుంది. అంటే ప్లేటు మొత్తానికి నలభై చుక్కలు. ఇరవై మీటర్లకి ఇరవై. ఎనిమిది, తొమ్మిది అక్షరాలు ఇరవై చుక్కల్లో ఇమడవు. 4కేలో అడ్డంగా 3840 చుక్కలుంటాయి కాబట్టి అన్నీ రెట్టింపు. పగటిపూట ఈ తేడా నిజంగా పనికొస్తుంది.

రాత్రి మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. గంటకి 90 కిలోమీటర్లంటే సెకనుకి 25 మీటర్లు. చీకట్లో కెమెరా ఒక్కో ఫ్రేముకి సెకనులో ముప్పయ్యో వంతు కన్ను తెరిచి ఉంచితే, ఆ లోపలే బండి 80 సెంటీమీటర్లకి పైగా కదిలిపోతుంది. ఎదురుగా వచ్చే బండి నంబరు ఎన్ని చుక్కలున్నా పామినట్టే వస్తుంది. రాత్రికి చుక్కల సంఖ్య కంటే సెన్సర్ ముఖ్యం. చీకట్లో బాగా చూసే సోనీ స్టార్విస్ 2 రకం సెన్సర్ ఉన్న 1440పీ (1080పీకి, 4కేకి మధ్య రకం) కెమెరాని, పేరుకి మాత్రమే 4కే అని అమ్మే చవక కెమెరా కంటే నేను ముందు ఎంచుకుంటాను. దానితో పాటు ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. మైకు ఆన్‌లో ఉంచి, చూసిన నంబరు వెంటనే గట్టిగా చదవండి. లెన్సుకి అందనిది మీ గొంతుతో రికార్డయి ఉంటుంది.

మోటర్‌హోమ్ డాష్‌బోర్డు వెడల్పు ఎక్కువ, దాని ప్రతిబింబం అద్దం మీద పరుచుకుని బొమ్మంతా తెల్లబారుతుంది. లెన్సు మీద తగిలించే పోలరైజర్ ఫిల్టర్ ఆ ప్రతిబింబాన్ని కోస్తుంది. కానీ వెలుతురునీ కొంత మింగుతుంది కాబట్టి రాత్రి ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లు తీసేయడమే మంచిది.

కెమెరా లోపల లిథియం బ్యాటరీయా, సూపర్ కెపాసిటరా (బ్యాటరీకి బదులు కాస్త కరెంటు దాచే, వేడిని తట్టుకునే భాగం) అన్న ప్రశ్నకి ఆలోచనే అక్కర్లేదు. ఎండలో నిలిపిన బండి అద్దం దగ్గర వేడికి బ్యాటరీ ఉబ్బుతుంది. కెపాసిటరే తీసుకోండి. వీడియో దాచే మెమరీ కార్డు కూడా హై ఎండ్యూరెన్స్ రకమే కావాలి. పగలూ రాత్రీ చెరిపి రాసే పనికి ఫోన్లో వేసే కార్డు ఆగదు.

సాక్ష్యం పోయేది తీయకపోవడం వల్ల కాదు, చెరిగిపోవడం వల్ల. ముందు కెమెరా సెకనుకి 30 మెగాబిట్లు, వెనకది 15 రాస్తుందనుకుందాం. గంటకి 20 జీబీ. 128 జీబీ కార్డులో ఆరు గంటలకి మించి మిగలదు, ఆ తర్వాత పాతదాని మీద కొత్తది రాస్తుంది. కుదుపు తగిలితే ఆ ఫైలు తనంతట తాను లాక్ అవుతుంది అంటారు. కానీ మూడున్నర టన్నుల బండి వెనక మూలని చిన్న కారు గీరితే ముందు అద్దం దగ్గరున్న సెన్సర్‌కి ఏమీ తెలియదు. సున్నితత్వం పెంచితే ప్రతి గుంతకీ లాక్ చేసి కార్డంతా నింపేస్తుంది. అందుకే ఏదైనా జరిగిన వెంటనే లాక్ బటన్ నొక్కండి. ఇంకా మంచిది, కార్డు తీసి జేబులో వేసుకుని, రెండో కార్డు పెట్టి కదలండి. ఆ ఫైలుని కత్తిరించకుండా, పేరు మార్చకుండా అలాగే దాచాలి. గడియారం సరిగ్గా ఉందో లేదో నెలకోసారి చూడాలి. గంట తేడా ఉన్న వీడియోని అవతలి వకీలు ముందు అక్కడే పట్టుకుంటాడు.

సరిహద్దులు దాటేవాళ్లకి ఇంకో మాట. డాష్‌క్యామ్ చట్టం దేశానికొక రకం. జర్మనీలో ఫెడరల్ అత్యున్నత న్యాయస్థానం 2018 మే 15న ఇచ్చిన తీర్పులో, కారణం లేకుండా ఎడతెగక రికార్డు చేయడం డేటా రక్షణ చట్టానికి విరుద్ధమంటూనే, ఆ వీడియోని ప్రమాదం తాలూకు సివిల్ కేసులో సాక్ష్యంగా వాడుకోవచ్చని చెప్పింది. ఆస్ట్రియాలో ఇంకా బిగింపు ఎక్కువ. వెళ్లబోయే దేశం నియమం ముందే చూసుకుని, అవసరమైతే ప్లగ్ తీసేయండి.

కాపలా: పార్కింగ్ మోడా, విడి ఏర్పాటా?

నాకు పాఠం నేర్పిన రాత్రి గురించి చెప్పాలి. ఎవరో వెనక్కి తీస్తూ నా బండి ముందు బంపరు నొక్కేశారు. పార్కింగ్ మోడ్‌లో, అంటే ఆగి ఉన్న బండిని కాసే స్థితిలో ఉన్న డాష్‌క్యామ్ నిద్రలోంచి లేచి రికార్డు మొదలుపెట్టేసరికి కొన్ని సెకన్లు గడిచాయి. పొద్దున చూస్తే మలుపు తిరుగుతున్న రెండు ఎర్ర లైట్లు తప్ప ఏమీ లేవు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టయింది. కుదుపు తగిలాక లేచే మోడ్ కరెంటు దాదాపుగా తినదు, ఆ పొదుపుకి చెల్లించే మూల్యం ఇదే. బఫర్ ఉన్న పార్కింగ్ మోడ్ అయితే కెమెరా మేలుకునే ఉంటుంది, దెబ్బకి ముందున్న పది, పదిహేను సెకన్లు కూడా దాస్తుంది. పార్కింగ్ మోడ్ వాడితే అదే వాడాలి.

మేలుకుని ఉండాలంటే తిండి కావాలి. ఐదు వాట్లు అంటే 12 వోల్టుల దగ్గర సుమారు 0.4 ఆంపియర్లు. రోజుకి పది ఆంపియర్-అవర్లు. ఇంజను బ్యాటరీ మీద పెడితే ఒకటి రెండు రోజుల్లో హార్డ్‌వైర్ కిట్ (కెమెరాని నేరుగా బ్యాటరీకి కలిపే తీగల సెట్టు) తనంతట తాను ఆపేస్తుంది, ఆపాలి కూడా, లేకపోతే మీ బండి స్టార్ట్ కాదు. ఇంటి వైపు బ్యాటరీ (లోపలి దీపాలవీ నడిపే రెండో బ్యాటరీ) మీద పెట్టడం మేలు. వంద ఆంపియర్-అవర్లుంటే ఈ ఖర్చు లెక్కలోది కాదు, పైన సోలార్ ఉంటే అసలు పట్టించుకోనక్కర్లేదు. ఒక జాగ్రత్త. కిట్‌లో ఉండే 11.8, 12.2, 12.4 వోల్టుల లాంటి కటాఫ్‌లు (అంతకి దిగితే కరెంటు ఆపేసే హద్దులు) లెడ్ యాసిడ్ బ్యాటరీకి చేసినవి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 12.4 దాకా దిగిందంటే దాదాపు అడుగంటినట్టే. అక్కడ వోల్టేజీని నమ్మకుండా టైమర్ పెట్టుకోండి.

ఇంత చేసినా అది ఏం చూస్తుంది? నిద్రపోయే ముందు మనం ముందు అద్దానికి చలి తెరలు బిగిస్తాం. బయటి నుంచి కప్పే రకమైతే కెమెరా కళ్లకి గంతలు కట్టినట్టే. తెర లేకపోయినా అది చూసేది ముందుకే. దొంగ వచ్చేది పక్క తలుపు నుంచి, ప్లాస్టిక్ కిటికీ నుంచి, సామాను అర నుంచి. అవేవీ దాని చూపులో లేవు. లోపలికొచ్చినవాడు ముందు పీకేది అద్దం మీది పెట్టెనే, కార్డుతో సహా.

సిమ్ ఉన్న క్లౌడ్ డాష్‌క్యామ్ ఈ చివరి లోటు తీరుస్తుంది. పెట్టె పోయినా క్లిప్పు ఫోన్‌కి చేరుతుంది. కానీ మనం ఇష్టపడి ఆగే కొండా కోనా చోట్ల సిగ్నలే ఉండదు. ఆ నెలవారీ డబ్బుతో తలుపులకి, కిటికీలకి సెన్సర్లున్న అలారం పెట్టడం నాకు నచ్చుతుంది. కెమెరా జరిగింది చూపిస్తుంది. సైరన్ జరగబోయేదాన్ని సగంలో ఆపుతుంది. లోపల మనుషులు పడుకుని ఉన్నప్పుడు ఆ తేడా చాలా పెద్దది. తలుపు వైపు బయట మనిషి కదిలితే వెలిగే దీపం, దానితో చిన్న కెమెరా ఉంటే ఇంకా మంచిది.

బండిని ఏడాదిలో పది నెలలు కదపకుండా ఉంచేవాళ్ల సంగతి వేరే. వాళ్లకి పార్కింగ్ మోడ్ మొదటి వారంలోనే ఆరిపోతుంది. సొంత బ్యాటరీ ఉన్న జీపీఎస్ ట్రాకర్‌ని గోడ పలక వెనక దాచి, డాష్‌క్యామ్ కార్డు తీసి ఇంట్లో పెట్టుకోండి.