వరదలో దారి మూయాలంటే ఏ చట్టం మేలు?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడ మీద పడినప్పుడు మా పిన్ని సింగ్ నగర్‌లో మేడ మీద చిక్కుకుపోయింది. పాలు, మంచినీళ్లు పట్టుకుని వెళ్లిన మమ్మల్ని ఫ్లైఓవర్ దగ్గర ఆపేశారు. ఆపడం తప్పని ఇప్పటికీ అనను, దిగితే మునిగిపోయే నీరు. కానీ ఎవరి ఉత్తర్వో, ఎప్పటిదాకానో చెప్పే మనిషి లేడు. ఆ బాధ ఇంకా పోలేదు.

దారి మూయడానికి ముఖ్యంగా రెండు చట్టాలున్నాయి. ఒకటి, జనం ఇప్పటికీ 144 అనే పిలిచేది. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షన్. విజయవాడలో ఆ ఉత్తర్వు పోలీసు కమిషనర్ ఇస్తారు. రెండోది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 34వ సెక్షన్. ఆ అధికారం కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా సంస్థది.

వరదకైతే నేను రెండోదే కోరతాను. 163 ప్రధానంగా వద్దని చెప్పే సెక్షన్. 34లో వాహనాలను, రాకపోకలను ఆపే అధికారం పక్కనే మనుషులను కాపాడటం, తలదాచుకునే చోటు, అన్నం, తాగునీరు, వైద్యం కూడా రాసి ఉన్నాయి. నన్ను ఆపిన అధికారినే, మరి పిన్నికి పాలు ఎవరు చేరుస్తారని నిలదీయడానికి అక్కడ ఆధారం దొరుకుతుంది.

అయితే జవాబుదారీతనంలో 163 ముందుంది. కారణాలు రాతపూర్వకంగా చూపాలి. గడువు రెండు నెలలు, దాన్ని ప్రభుత్వం మాత్రమే మరో ఆరు నెలల వరకు పొడిగించగలదు. రద్దు చేయమని బాధితులు అర్జీ పెట్టుకోవచ్చు, తిరస్కరిస్తే ఎందుకో రాయాలి. ఇలాంటి ఉత్తర్వులను ప్రజలకు తెలిసేలా ప్రచురించాలని కశ్మీర్ ఆంక్షల కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 34వ సెక్షన్‌లో గడువు ఊసే లేదు. పైగా ఆ చట్టం కింద తీసుకున్న చర్యను ప్రశ్నించాలంటే 71వ సెక్షన్ ప్రకారం హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళ్లాలి. హైకోర్టు కృష్ణ అవతల నేలపాడులోనే ఉంది, నిజమే. మేడ మీద ఆకలితో ఉన్నవారి తరఫున ఆ పూట అక్కడికి ఎవరు పరుగెత్తగలరు?

అందుకే 34 కింద మూసినా, 163 పద్ధతిలో కారణం, గడువు రాయమంటాను. ఆ రోజు ఫ్లైఓవర్ గోడకు ఒక్క కాగితం అంటించి, లోపలివారికి నీళ్లు ఎవరు తీసుకువెళ్తున్నారో, ఏ నంబరుకు ఫోను చేయాలో రాసి ఉంటే, మేము ఆ పాల ప్యాకెట్లు వారి చేతికిచ్చి వెనుదిరిగేవాళ్లం.