11,500 రూపాయల ‘డమాస్కస్’ తల్వార్: ఎనిమిది నెలల తర్వాత నా రివ్యూ

ఈ తల్వార్ ఫిబ్రవరిలో వచ్చింది. అప్పుడే రాసుంటే తిట్లు తప్ప ఇంకేమీ ఉండేవి కాదు. ఇప్పుడు దసరా కూడా అయిపోయింది, నా కోపం దిగింది, కత్తికి మూడు తుప్పు మచ్చలు పడ్డాయి, ఇక రాయొచ్చు.

అమ్మినవాళ్ల పేరు రాయను. రాసినా ఉపయోగం లేదు, ఇదే సరుకు, ఇవే ఫొటోలు, ఇదే వర్ణన కనీసం నాలుగు పేర్లతో నాకే కనిపించాయి. వర్ణన ఏంటంటే, “200 ఏళ్ల నాటి అసలైన డమాస్కస్ ఉక్కు తల్వార్, రాజకుటుంబం వారి సేకరణ నుంచి” (డమాస్కస్ అంటే ఒంటి మీద నీటి అలల్లాంటి గీతలు కనబడే పేరున్న ఉక్కు). ధర 11,500, కొరియర్ 850. మరి నీ బుద్ధి ఏమైంది అంటారా, ఆ ధరకి రెండొందల ఏళ్ల కత్తి రాదని నాకూ తెలుసు, ఆరేళ్లుగా ఈ కత్తుల పిచ్చిలో ఉన్నవాణ్ని. కానీ ఆ పిడి ఫొటో చూసి పడిపోయా. కొత్తదే అయినా పిడి ఇలా ఉంటే చాలు, ఆ అలల నమూనా కూడా నిజంగా రెండు రకాల ఉక్కు మడిచి కొట్టిందైతే ఇంకేం కావాలి అనుకున్నా. అబద్ధంలో సగమైనా నిజం ఉంటుందిలే అన్న ఆశతోనే మనలాంటివాళ్లందరం డబ్బులు పోగొట్టుకునేది.

పార్సిల్ సంగతి ముందు. మొదటి కొరియర్ వాళ్లు స్కానింగ్‌లో చూసి వెనక్కి పంపేశారు. రెండోసారి అది పీవీసీ పైపులో, రెండు వైపులా మూతలు బిగించి, పైన “ఇత్తడి షోపీస్” అని రాసి వచ్చింది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దాన్ని మోటారు రూమ్‌లో పెట్టేశాడు, “బోరుకి తెప్పించిన పైపు అనుకున్నా సార్” అన్నాడు. ప్యాకింగ్ మాత్రం గట్టిదే, మొన కూడా చెక్కుచెదరలేదు. కానీ లోపలున్నదేంటో దాచి పంపడం నాకు అసలు నచ్చలేదు, రేపు ఆ పైపు ఎక్కడైనా పట్టుబడితే దాని మీదున్న అడ్రసు నాది.

ఇక కత్తి. పిడి నిజంగా బాగుంది, ఇది ఒప్పుకోవాల్సిందే. పాత తల్వార్ పిడి ఎలా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు, చివర చిన్న పళ్లెం లాంటి గుండ్రటి బిళ్ల, మధ్యలో ఉబ్బిన పట్టు, అడ్డంగా రెండు పొట్టి చేతులు, వేళ్ల ముందు నుంచి వంపు తిరిగి వచ్చే కమ్మీ. ఇందులో అన్నీ సరైన కొలతల్లో ఉన్నాయి. చాలా కొత్త తల్వార్లలో ఇప్పటి మనుషుల చేతులు పెద్దవని పిడి పొడుగు చేసేస్తారు, దాంతో తల్వార్ పట్టే పద్ధతే పోతుంది. ఇది పొట్టిగానే ఉంది. నాలుగు వేళ్లు ఇరుక్కుని పడతాయి, మణికట్టు వంచబోతే ఆ పళ్లెం తగిలి ఆపేస్తుంది. మొదటిసారి పట్టుకున్నవాళ్లు ఇదేంటి పిల్లల సైజా అంటారు, కాదు, పొడవడానికి కాకుండా లాగి కోయడానికి చేసిన పట్టు అది, మణికట్టు కాదు, మొత్తం చెయ్యి కదలాలి. పిడి మీద వెండి తీగ పని ఉన్నట్టు కనిపించేది మాత్రం పెయింటు. గోటితో గీకితే వచ్చేసింది.

అలుగు, అంటే పిడి కాకుండా మిగిలిన కోసే భాగం, దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. వంటింటి కాటాలో తూచాను (మా ఆవిడ చూడనప్పుడు), 1,340 గ్రాములు. పాత తల్వార్లు సాధారణంగా కిలోకి అటూ ఇటూగా ఉంటాయి. ఆ మూడు వందల గ్రాములు ఎక్కడ దాక్కున్నాయో మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూస్తే అర్థమైంది. పిడి దగ్గర మందం 5.2 మిల్లీమీటర్లు, నడుమ 5, మొన దగ్గర 4.6. అంటే ఒకే మందం పట్టీని వంపుగా కోసి అంచు దిద్దేశారు. మంచి కత్తి పిడి నుంచి మొనకి పోయేకొద్దీ సన్నబడాలి, అందుకే అది చేతిలో తేలిగ్గా తిరుగుతుంది. దీన్ని తిప్పితే గడ్డపార తిప్పినట్టే ఉంది, రెండు నిమిషాల్లో ముంజేయి పట్టేసింది.

పిడి లోపల కూడా చూశాను. పాత పద్ధతిలో అలుగు తోకని బోలు పిడిలోకి దూర్చి, వేడి లక్క పోసి బిగించేవాళ్లు, లక్క కరిగిస్తే పిడి ఊడొస్తుంది. ఇక్కడ పళ్లెం మీద పువ్వులా ఉన్నది నిజానికి నట్టు. విప్పితే లోపల అలుగు తోకకి సన్న బోల్టు కడ్డీ వెల్డింగ్ చేసి ఉంది. గోడకి తగిలించుకోవడానికి పర్లేదు. కర్రసాము నేర్చుకునే పిల్లల చేతికి మాత్రం దయచేసి ఇవ్వకండి, ఆ వెల్డింగ్ దగ్గర విరిగితే అలుగు ఎటు ఎగురుతుందో చెప్పలేం.

ఇప్పుడు అసలు విషయం, ఆ ‘డమాస్కస్’ నమూనా. ఫొటోలో నీటి అలల్లా ఉంది, చేతిలోనూ అలాగే ఉంది. నాకు అనుమానం ఎక్కడొచ్చిందంటే, రెండు వైపులా అలలు అచ్చు ఒకేలా ఉన్నాయి, పైగా ఒక సుడి ప్రతి 11 సెంటీమీటర్లకీ మళ్లీ మళ్లీ వస్తోంది. ఇనుములో పుట్టిన నమూనా ఎక్కడైనా చీర బోర్డర్‌లా రిపీట్ అవుతుందా? పిడికి దగ్గర, కనబడని చోట, రెండు వేళ్ల మేర 1500 నంబరు వాటర్ పేపర్‌తో (సన్న గరుకు కాగితం) రుద్దాను. పది నిమిషాల్లో అలలు మాయం, అద్దంలా తెల్లటి ఇనుము. ఇక్కడితో తీర్పు ఇవ్వకూడదు, అసలు నమూనా కూడా బాగా రుద్దితే పైకి కనబడకుండా పోతుంది, కానీ ఆసిడ్ తగిలితే తిరిగొస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ షాపుల్లో సర్క్యూట్ బోర్డుల కోసం అమ్మే ఫెర్రిక్ క్లోరైడ్ తెచ్చి, పల్చగా కలిపి, దూదితో అద్దాను. సమానంగా బూడిద రంగు తిరిగింది. ఒక్క గీత రాలేదు. అంటే పైన అచ్చు వేశారు, అంతే. మడిచి కొట్టిన రెండు ఉక్కులు కూడా కాదు.

ఈ మోసం నన్ను మామూలు కన్నా ఎక్కువ మండించడానికి కారణం ఉంది. మాది మెట్‌పల్లి వైపు. మా ఊరికి దగ్గర్లోనే కోనసముద్రం, నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలం, మండలం పేరులోనే కమ్మరి ఉన్నాడు చూడండి. ఒకప్పుడు అక్కడ మట్టి మూసల్లో ఇనుము కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చి మకాం వేసేవాళ్లు. 19వ శతాబ్దం మొదట్లో హెన్రీ వాయ్‌సీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడికి వచ్చి ఆ పని చూసి రాసిపెట్టాడు. ప్రపంచం ఆ ఉక్కుని పిలిచే ‘వుట్జ్’ అనే మాట మన ‘ఉక్కు’ నుంచే పుట్టిందంటారు, కన్నడ వాళ్లు అది మాదంటారు, మాట రెండు భాషల్లోనూ ఒకటే కాబట్టి గొడవ లేదు. ఆ ఉక్కులో కార్బన్ దాదాపు ఒకటిన్నర శాతం, మూసలో మెల్లగా చల్లారి, తక్కువ వేడి మీద ఓపిగ్గా సాగగొడితే లోపలి కార్బైడ్ (ఇనుము, కార్బన్ కలిసిన గట్టి పదార్థం) వరసలు వరసలుగా చేరి అలల్లా కనబడతాయి. డమాస్కస్ కత్తులుగా పేరుపడ్డవాటి వెనక ఉన్నది ఆ ఉక్కే. అలాంటి చోట పుట్టినవాడికే అచ్చుగుద్దిన అలలు అమ్మారు, అదీ నా బాధ.

సంక్రాంతికి ఎలాగూ పోతాను కదా అప్పుడు చూపిద్దామనుకున్నా, ఆగలేక ఉగాదికే అలుగు ఒక్కటే విప్పి, గోనెలో చుట్టి, కారు డిక్కీలో వేసుకుని మా ఊరి కమ్మరాయన దగ్గరికి తీసుకెళ్లా (ఇలా తీసుకెళ్లడం తెలివైన పని కాదు, కింద చెబుతా). ఆయన తోక చివరని గ్రైండింగ్ రాయికి అలా ఒక్కసారి తాకించి, రవ్వలు విచ్చుకున్న తీరు చూసి, అలుగుని వేలితో టంగుమనిపించి, “ఇది లారీ కమాన్ పట్టా బిడ్డా. ఇనుము మంచిదే, ఖరాబు లేదు. గీ గీతలెవడు గీసిండు?” అన్నాడు. ఎంతకి కొన్నావని అడిగాడు. చెప్పలేదు. అడుగుతూనే ఉన్నాడు, నాలుగు వేలన్నా. “మస్తు పెట్టినవ్” అన్నాడు.

కమాన్ పట్టీ, అంటే లారీ కింద స్ప్రింగుగా వాడే ఉక్కు, చెడ్డదేం కాదు. వంగి తిరిగొచ్చే స్వభావం దానిది, మన దగ్గర కొడవళ్లు, వేటకత్తులు ఎన్నో దానితోనే చేస్తారు. “కొత్త తల్వార్, స్ప్రింగ్ స్టీల్, పాత నమూనా పిడి” అని నిజం చెప్పి ఆరు వేలకి అమ్మితే నేనే ఇద్దరికి చెప్పి కొనిపించేవాణ్ని.

అమ్మినాయనకి వాట్సాప్‌లో ఫొటోలు పెట్టాను. మొదట “ఆసిడ్ ఎందుకు వేశారు సార్, వారంటీ పోతుంది” అన్నాడు. రెండొందల ఏళ్ల కత్తికి వారంటీ ఏంటి బాబూ! తర్వాత “డమాస్కస్ అంటే డమాస్కస్ ఫినిష్ సార్” అన్నాడు. చివరికి ఇంకోటి కొంటే 1,500 తగ్గిస్తానన్నాడు. డబ్బు వాపసు మాట ఎత్తగానే బ్లూ టిక్కులు ఆగిపోయాయి.

నేను అతన్ని అడిగిన ప్రశ్న ఒకటుంది, మీరూ అడగండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు కిందకి వస్తుంది, దాంతో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి, మామూలు మనుషులు దేశం దాటించడం కుదరదు. కాబట్టి వాట్సాప్‌లో రెండొందల ఏళ్ల కత్తి అమ్ముతున్నవాడిని ముందు లైసెన్సు చూపించమనండి. చూపించలేదంటే అయితే అబద్ధమైనా చెబుతున్నాడు, లేదా చట్టమైనా దాటుతున్నాడు. అమెరికాలో ఉన్న మన కజిన్లకి “యాంటిక్” అని గిఫ్ట్ పంపుదామనుకునేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకైతే అక్కడి రూల్సు వేరే గోల, ఒంపు కత్తుల మీద 2008 నుంచి ఆంక్షలు, 2025 ఆగస్టు నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో నింజా కత్తులు ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరం.

ఇక్కడి సంగతి కూడా తేలిక కాదు. 2016 ఆయుధాల నిబంధనల్లో కత్తులు, బాకులు, 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటిన అలుగులు (ఇంటికీ పొలానికీ వాడేవి తప్ప) ఆయుధాల జాబితాలో ఉన్నాయి. తయారీకీ అమ్మకానికీ లైసెన్సు కావాలి, దగ్గర ఉంచుకోవడానికి కావాలా వద్దా అన్నది ఆ ప్రాంతానికి నోటిఫికేషన్ ఉందా అన్నదాని మీద ఆధారపడుతుంది. “పదును లేదు సార్, షోపీసే” అన్నది అమ్మేవాడి మాట. తెలిసిన లాయరుగారిని అడిగితే, బిల్లు దాచుకో, రోడ్డు మీదకి తేకు, బరాత్‌లో తిప్పకు, రీల్స్ చెయ్యకు అన్నారు. పుట్టినరోజు కేకు తల్వార్‌తో కోసి స్టేషన్లో కూర్చున్న కుర్రాళ్ల వార్తలు మనమంతా చూసినవే. ఈ లెక్కన నేను డిక్కీలో వేసుకుని ఊరెళ్లడం కూడా తప్పుడు పనే, ఆర్మూర్ దగ్గర చెక్‌పోస్ట్ కనబడినప్పుడు నాకు పట్టిన చెమట ఆ కత్తి ధర కంటే ఎక్కువ.

ఈ మధ్య ఇలాంటి సరుకు ఎక్కువైందని నా అనుమానం, కారణం వార్తలే. 2023 మేలో లండన్ వేలంలో టిప్పు సుల్తాన్ పడకగది కత్తి కోటీ నలభై లక్షల పౌండ్లకి పోయింది. 2025 ఏప్రిల్‌లో నాగపూర్ రాజు రఘూజీ భోంస్లే కత్తిని మహారాష్ట్ర ప్రభుత్వం 47 లక్షల రూపాయల పైచిలుకు పెట్టి కొనుక్కుంది. మనకి దగ్గరిది ఇంకోటి, నిజాం సేకరణ నుంచి 1905లో ఒక బ్రిటిష్ జనరల్ చేతికి చేరిన తల్వార్, అది గ్లాస్గో మ్యూజియంలో తేలితే, వెనక్కి ఇస్తామని 2022 ఆగస్టులో ఒప్పందం రాశారు. ఇలాంటిది ఒకటి టీవీలో రాగానే మార్కెట్లో ప్రతి కమాన్ పట్టీకీ ఒక రాజవంశం పుట్టుకొస్తుంది.

అసలు సరుకు ఎలా ఉంటుందో కన్ను అలవాటు పడాలంటే డబ్బు పెట్టక్కర్లేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీకి వెళ్లి, పేర్లు చదవడం మానేసి, అలుగుల్ని పక్కనుంచి చూడండి. పిడి నుంచి మొనకి మందం ఎలా తగ్గుతుందో ఒక్క అరగంట చూస్తే చాలు. నేను కొన్న తర్వాత వెళ్లాను. ముందే వెళ్లాల్సింది.

ఒర గురించి రెండు ముక్కలు. చెక్క మీద ఎర్ర వెల్వెట్, జిగురు వాసన నెల దాకా పోలేదు. కత్తిని అందులో పెట్టి వదిలేయకండి, తేమ పట్టి తుప్పు గ్యారంటీ. కొబ్బరి నూనె రాస్తే జిడ్డు కడుతుంది, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు గుడ్డతో తుడిస్తే చాలు, పిడి వైపు నుంచి మొన వైపుకే తుడవాలి.

కొనొచ్చా అంటే, పిడి కోసమైతే, బేరమాడి ఆరు వేల లోపు, బిల్లు మీద “కొత్తది” అని రాయించుకుని కొనండి. పిడికి అయిదుకి నాలుగు ఇస్తా, అలుగుకి రెండు, ఒరకి ఒకటి. అమ్మినాయనకి ఏమీ లేదు.

తెచ్చిన రోజు “ఇంట్ల పిల్లలుండంగ గిదేందిరా” అని నాలుగు రోజులు మాట్లాడని మా అమ్మ, దసరా నాడు ఆయుధ పూజలో దాన్ని నా బైకు తాళం పక్కన, మిక్సీ ముందు పెట్టి, తడి పసుపుతో మూడు బొట్లు పెట్టి కుంకుమ అద్దింది. తుడవకు, మూడు రోజులు ఉండాలి అంది. ఉంచాను. ఇప్పుడు ఆ మూడు చోట్లా గోధుమ రంగు మచ్చలు దిగి, నూనెకి పోక, వాటర్ పేపర్‌కి పోక అలాగే ఉన్నాయి. కత్తి మొత్తం మీద పాతగా కనబడేది ఆ మూడు మచ్చలే.