రామల్లా పాట, యెరూషలేము టూర్ డెస్క్

యెరూషలేములో మేం దిగిన హోటల్ టూర్ డెస్క్ వాళ్లు నా దగ్గరా తమ్ముడి దగ్గరా చెరో 420 షెకెళ్లు, మొత్తం 840 తీసుకున్నారు. 2023 జూన్ రేటు ప్రకారం దగ్గర దగ్గర 19 వేల రూపాయలు. చేతికి ఒక రంగుల కాగితం ఇచ్చారు. దాని మీద మైకు పట్టుకున్న కుర్రాడి బొమ్మ, కింద "రామల్లా అండర్‌గ్రౌండ్ నైట్" అని అక్షరాలు. రామల్లా అంటే యెరూషలేము పక్కనే, వెస్ట్ బ్యాంక్‌లో ఉన్న పాలస్తీనా ఊరు. ర్యాపర్లతో మాట్లాడిస్తామన్నారు, స్టూడియో చూపిస్తామన్నారు, లైవ్ షో తప్పకుండా ఉంటుందన్నారు.

సాయంత్రం తెల్ల వ్యాను వచ్చింది. డ్రైవరే గైడు. రెండు ఊళ్ల మధ్య ఇజ్రాయెల్ పెట్టిన కలందియా చెక్‌పాయింట్ దాటేదాకా ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయలేదు. రామల్లా నడిబొడ్డున అల్ మనారా చౌక్‌లో రాతి సింహాల దగ్గర ఆపి ఫొటోలు తీసుకోమన్నాడు. అక్కణ్ణుంచి ఒక మూడంతస్తుల రెస్టారెంటుకి తీసుకెళ్లాడు. హుక్కా పొగ, టీవీలో ఫుట్‌బాల్, స్పీకర్లలో పెళ్లిళ్లలో వేసే అరబ్ పాప్. "ర్యాపర్ ఎక్కడ?" అని తమ్ముడు అడిగితే దారిలో ఉన్నాడన్నాడు. తొమ్మిదిన్నరకి అడిగినా దారిలోనే ఉన్నాడు. భోజనం ప్యాకేజీలో లేదని అప్పుడు చెప్పారు. హమ్మస్, రొట్టె, రెండు నిమ్మరసాలకి ఇంకో 96 షెకెళ్లు వదిలాయి. పదింపావుకి ఇక లేవండి, వ్యాను బయల్దేరుతోందన్నాడు. స్టూడియో సంగతేమిటంటే ఈరోజు మూసేశారట.

మర్నాడు పొద్దున్నే డెస్క్ దగ్గరికి వెళ్లి అడిగాను. "మ్యూజిక్ వినిపించాం కదా" అన్నాడతను, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే. రసీదు కింద చిన్న అక్షరాల్లో 'కార్యక్రమంలో మార్పులు ఉండవచ్చు' అని ఉన్న చోట వేలు పెట్టి చూపించాడు. ఒక్క షెకెల్ కూడా వెనక్కి రాలేదు. తమ్ముడు ఆ పూట టిఫిన్ ముట్టలేదు. అమ్మకి మాత్రం డబ్బుకన్నా ఆ డెస్క్ మనిషి మాట్లాడిన తీరే ఎక్కువ బాధ కలిగించింది. "పోయిన డబ్బు పోయింది, మొహం చూసి మాట్లాడితే వాడి సొమ్మేం పోతుంది?" అని ఆ రోజంతా అంటూనే ఉంది.

అసలు ఈ ప్రయాణం అమ్మ కోసం. మా గుంటూరు చర్చి నుంచి ఏటా పరిశుద్ధ భూమి యాత్రకి గ్రూపులు వెళ్తుంటాయి. మోకాళ్ల నొప్పులతో ఆ గ్రూపుల పరుగు తను పడలేనంది, అందుకని మేమే తీసుకెళ్లాం. అమ్మకి బేత్లెహేము చూడాలని, తమ్ముడికి రామల్లా వినాలని. వాడు హైదరాబాద్‌లో బీట్లు చేసుకుంటాడు. 2018లో పాలస్తీనా డీజే సమా అబ్దుల్‌హాదీ రామల్లాలో బాయిలర్ రూమ్ అనే ఆన్‌లైన్ చానెల్ కోసం వేసిన టెక్నో సెట్ చూసినప్పట్నుంచి వాడికి ఈ పిచ్చి పట్టుకుంది. ఆ సెట్ నుంచి ముఖాతా అనే బీట్‌మేకర్ దగ్గరికి, అక్కణ్ణుంచి ర్యాపర్ షబ్‌జిదీద్, అతని పాటలకి బీట్లు కట్టే అల్ నాథెర్‌ల దగ్గరికి వెళ్లాడు. ఒక్క ముక్క అరబ్బీ రాకపోయినా ఆ పాటలు వరసలతో సహా నోటికి వస్తాయి.

డెస్క్‌తో గొడవైన రోజే హోటల్ ఖాళీ చేసి డమాస్కస్ గేట్ దగ్గర 218 నంబరు బస్సెక్కాం. మనిషికి పది షెకెళ్ల లోపే. వెళ్లేటప్పుడు చెకింగ్ ఉండదు, వెస్ట్ బ్యాంక్‌ని వేరు చేస్తూ ఇజ్రాయెల్ కట్టిన గోడని బస్సు నేరుగా దాటి పోతుంది. దాటగానే కఫ్ర్ అఖబ్ వస్తుంది. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ లేచిన అపార్ట్‌మెంట్లు, వాటి మధ్య ఎడతెగని ట్రాఫిక్. లెక్క ప్రకారం అది యెరూషలేము మునిసిపాలిటీలోదే. కానీ గోడ మాత్రం దాన్ని రామల్లా వైపుకి నెట్టేసింది. షబ్‌జిదీద్‌ది ఆ ఊరే. ఆ సందుల్లో బస్సు అడుగు తీసి అడుగు వేస్తుంటే తమ్ముడు ఇయర్‌ఫోన్స్‌లో ఒకటి నా చెవిలో పెట్టాడు. అల్ నాథెర్ బీటు బరువుగా, నింపాదిగా సాగుతోంది. దాని మీద షబ్‌జిదీద్ గొంతు పెంచకుండా, సగం నిద్రలోంచి మాట్లాడుతున్నట్టు పాడుతున్నాడు. 2019లో వచ్చిన ఆల్బమ్ అది. అంతకుముందు హైదరాబాద్‌లో విన్నప్పుడు ఈ నిర్లక్ష్యం ఏదో స్టైల్ అనుకున్నాను. ఆ ట్రాఫిక్‌లో వింటే ఆ ఊళ్లో మాట్లాడే వేగమే అది అనిపించింది.

రామల్లాలో మేం దిగిన హాస్టల్లో ముగ్గురికీ కలిపి గది 240 షెకెళ్లు. యెరూషలేములో ఇంతకన్నా చిన్న గదికి 510 కట్టాం. ఇక్కడ పొద్దున్నే జాతర్ అనే మసాలా పొడి, ఆలివ్ నూనె, వేడి రొట్టె, కావలసినన్ని సార్లు టీ. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయికి మా టూర్ కథ చెబితే నవ్వలేదు, బాధపడింది. ఫోన్ తీసి, ఆ రాత్రి జరిగే కార్యక్రమం పోస్టర్ చూపించింది. ఎంట్రీ 40 షెకెళ్లు. అడ్రసు ముందు రోజు దాకా పెట్టరట, తెలిసినవాళ్ల నుంచి తెలిసినవాళ్లకి వెళ్తుందట. మమ్మల్ని గుమ్మం దాకా తనే తీసుకెళ్లింది, దానికేమీ తీసుకోలేదు.

అదొక ఇంటి కింద సెల్లార్. ఎనభై మంది పడతారేమో, నూట ఇరవై మంది ఉన్నారు. మొదట ఒక కుర్రాడు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా, రికార్డు చేసిన శబ్దాల ముక్కల్ని వాయించే అరచేతి వెడల్పు శాంప్లర్, దాని మీద వరసగా రబ్బరు ప్యాడ్లు, పక్కన పాత క్యాసెట్ రికార్డర్. ముందు ఊద్ అనే అరబ్బీ తీగ వాద్యం వినిపించింది, పాత రికార్డు నుంచి తీసింది, మీద గీతల చప్పుడుతో. నాలుగు స్వరాలు సాగగానే దాన్ని తెంపేశాడు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అదే చోట తెంపాడు. ఆ తెగినచోట ఒక ఇనుప శబ్దం వచ్చి కూర్చుంది. టక్, విరామం, టక్ టక్, ఆపైన లౌడ్‌స్పీకర్లో గరగరమనే గొంతు. మెల్లగా ఆ ఇనుప చప్పుడే తాళమైంది, ఊద్ దాని వెనక చిక్కుకుని కొట్టుకుంది. బేస్ వచ్చేసరికి నా కాళ్ల కింద నేల అదిరింది. అక్కడెవరూ గెంతలేదు. కళ్లు మూసుకుని తలలు మాత్రం ఊపుతున్నారు.

తర్వాత ఇద్దరు కుర్రాళ్లు ర్యాప్ చేశారు, రామల్లా వీధి యాసలో. చరణం చివరి పదం వాళ్లు వదిలేస్తే జనం అందుకుంటున్నారు. మా పక్కనున్నతను తమ్ముడి కోసం ఇంగ్లీషులో చెవిలో చెబుతూనే ఉన్నాడు. ఇజ్రాయెల్ ఇచ్చే పర్మిట్ కోసం క్యూ, ఇంట్లో ఖాళీగా కూర్చున్న అన్న, పెళ్లి చేసుకోవాలంటే లేని గది. నినాదాలు ఉంటాయని ఎదురుచూసినవాళ్లకి ఇవే మాటలు దొరుకుతాయి.

ఈ తరానికి దారి వేసింది ముఖాతానే అని అక్కడ అందరూ చెబుతారు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో రామల్లా అండర్‌గ్రౌండ్ అనే బృందంలో బోయికట్ అన్న పేరుతో ఉండేవాడు. వాళ్ల రచన ఒకదాన్ని అమెరికాలోని క్రోనోస్ క్వార్టెట్ 2009 ఆల్బమ్‌లో వయొలిన్ల లాంటి తీగ వాద్యాల మీద వాయించింది. ఆ తర్వాత ఒంటరిగా, 2018లోనూ 2021లోనూ వచ్చిన ఆల్బమ్‌లలో మాటలు దాదాపు వదిలేసి శబ్దంతోనే పని చేశాడు. పాత అరబ్బీ రికార్డులు, వీధుల్లో తను రికార్డు చేసుకున్న చప్పుళ్లు ముక్కలు చేసి అతికిస్తాడు. వీళ్లందరికన్నా ముందు, 1999లో ఇజ్రాయెల్‌లోని లిద్ పట్టణంలో తామెర్ నఫార్, అతని తమ్ముడు సుహేల్, మహమూద్ జ్రేరి కలిసి డామ్ అనే ర్యాప్ బృందం మొదలుపెట్టారు. పాలస్తీనా హిప్‌హాప్ అంటే బయటి ప్రపంచానికి చాలాకాలం డామ్ ఒక్కటే. గాజాలో కూడా ర్యాపర్లు ఉన్నారు, మాలాంటి యాత్రికులకి మాత్రం అక్కడికి దారి లేదు.

రామల్లా నుంచి ఒక పూట పని మీద యెరూషలేము వెళ్లి రావాల్సి వచ్చింది. వెళ్లేటప్పుడు కలందియాలో వయసు మళ్లినవాళ్లని బస్సులోనే ఉండనిచ్చారు, మమ్మల్ని దిగి నడవమన్నారు. ఇనుప కడ్డీల గేటు ఒక్కొక్కరినే పంపుతుంది. దాని మీద పచ్చ దీపం వెలిగేదాకా తిరగదు. టక్. విరామం. టక్ టక్. తమ్ముడు నా భుజం పట్టుకుని ఆపాడు. రాత్రి విన్న తాళం అదే. వెనకనున్న పెద్దాయన కదలమని గుర్తుచేసేదాకా మేమిద్దరం అక్కడే నిలబడిపోయాం. ఆ 40 షెకెళ్ల కార్యక్రమం నాకు పూర్తిగా అర్థమైంది అక్కడే. హోటల్ డెస్క్ అమ్మిన 420 షెకెళ్ల ప్యాకేజీలో ఈ గేటు దగ్గర దిగే ఏర్పాటే లేదు, వ్యాను పక్క లేన్‌లోంచి వెళ్లిపోయింది.

బేత్లెహేముకి రామల్లా నుంచి నేరుగా పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. కానీ వెస్ట్ బ్యాంక్ బండ్లని యెరూషలేములోకి రానివ్వరు. అందుకే పసుపు రంగు సర్వీస్ వ్యాన్లు చుట్టూ తిరిగి, వాది నార్ లోయలో దిగి, మళ్లీ ఎక్కుతాయి. మనిషికి 20 షెకెళ్ల పైచిలుకు. ఆ మలుపుల్లో అమ్మకి కడుపులో తిప్పింది. కంటైనర్ చెక్‌పాయింట్ దగ్గర బండి ఆగిపోతే వెనక సీట్లోని ఆవిడ అమ్మ చేతిలో పుదీనా ఆకులు పెట్టి వాసన చూడమని సైగ చేసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. బేత్లెహేము వచ్చేదాకా ఆవిడ అమ్మ చెయ్యి వదల్లేదు.

చర్చి దర్శనం బాగా జరిగింది. అమ్మ ఏడ్చింది, తృప్తిగా బయటికొచ్చింది.

ఆ సాయంత్రం తమ్ముడి వంతు. రేడియో అల్‌హారా 2020 మార్చిలో, లాక్‌డౌన్‌లో మొదలైన ఇంటర్నెట్ రేడియో. ఎక్కడెక్కడి సంగీతమో అందులో వస్తుంది. ఒక గంట సూఫీ గానం, మరో గంట నాయిజ్. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఇద్దరు, ఆర్కిటెక్ట్ అన్నదమ్ములు ఎలియాస్, యూసఫ్ అనస్తాస్ బేత్లెహేములో కట్టిన వండర్ క్యాబినెట్ అనే కళాకేంద్రాన్ని మేం వెళ్లిన ఏడాదే తెరిచారు. లోయ వాలు మీద కాంక్రీటు భవనం, వర్క్‌షాపులు, తినే చోటు. కాఫీ 14 షెకెళ్లు. ఎవరూ మమ్మల్ని ఎందుకొచ్చారని అడగలేదు, ఏదీ అమ్మబోలేదు. స్పీకర్లలో ఏదో ఎలక్ట్రానిక్ ముక్క వస్తోంది. అమ్మ కాసేపు విని "ఏరా, ఇది పాటా, మిక్సీనా?" అంది. తమ్ముడు ఓపిగ్గా చెప్పాడు, ఆ గరగరల కింద ఎవరో ముసలావిడ పాట ఉంది, విను అని. అమ్మ కళ్లు మూసుకుని వింది. "అవునురా, ఉంది. పైకి రానివ్వట్లేదే ఆవిణ్ణి" అంది. సెల్లార్లో మేం గంటసేపు విని తెలుసుకున్నది అమ్మ ఒక్క మాటలో పట్టుకుంది.

ఇజ్రాయెల్ తీరంలో ఉన్న హైఫాకి కూడా వెళ్లాం. అక్కడ సముద్రం, బహాయీ తోటలు బాగున్నాయి. జజర్ క్రూ అనే పాలస్తీనా డీజే బృందం పార్టీలతో పేరు తెచ్చుకున్న కబరేట్ అనే క్లబ్బుకి వెళ్లాం. మేం వెళ్లిన రాత్రి మామూలు డీజే, బీరు 32 షెకెళ్లు. అక్కడ పరిచయమైన వాళ్లు ఒక సంగతి చెప్పారు. హైఫా పాలస్తీనా వాళ్లకి ఇజ్రాయెల్ పౌరసత్వం ఉంటుంది కాబట్టి కారెక్కి రామల్లా పార్టీలకి వెళ్లి వస్తారు. రామల్లా కుర్రాడు హైఫాకి రావాలంటే పర్మిట్ కావాలి. ఒకే సంగీతం చేసే ఈ రెండు ఊళ్ల మధ్య, గుంటూరు పాస్‌పోర్టు ఆఫీసుకి కూడా సరిగా వెళ్లని మా అమ్మ స్వేచ్ఛగా తిరిగింది. నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా మింగుడుపడనిది ఇదే.

వెళ్లాలనుకునేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది: బస యెరూషలేములో కాదు, రామల్లాలో పెట్టుకోండి. ఖర్చు సగం, మనుషులు రెట్టింపు మంచివాళ్లు. సంగీతం పేరుతో ఎవరు ప్యాకేజీ అమ్మినా కొనకండి. వీసా ఇజ్రాయెల్‌దే, పాలస్తీనాకి వేరే వీసా లేదు. మాకు పాస్‌పోర్టు మీద ముద్ర వేయకుండా నీలం చీటీ ఇచ్చారు. హోటళ్లలో అదే అడుగుతారు, జాగ్రత్త.

ఇదంతా 2023 అక్టోబరుకి ముందు మాట. ఆ తర్వాత దారులు మూసుకుపోయాయి, గేట్లు పెరిగాయి, గాజా సంగతి అందరం చూస్తూనే ఉన్నాం. ఇప్పుడు అమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లమని ఎవరికీ చెప్పను. వినడానికి మాత్రం వీసా అక్కర్లేదు. రేడియో అల్‌హారా ఇంటర్నెట్‌లో ఉచితం. ముఖాతా ఆల్బమ్‌లు, కళాకారులు నేరుగా పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో దొరుకుతాయి. స్ట్రీమింగ్‌లో విని ఊరుకోకుండా అక్కడ కొనండి, కళాకారుడికి చేరే వాటా అక్కడ ఎక్కువ. మొదటిసారి వినేవాళ్లు షబ్‌జిదీద్‌తో మొదలుపెట్టండి. ముఖాతాని రెండో వారానికి ఉంచండి, అదీ ఫోన్ స్పీకర్లో కాదు, మంచి హెడ్‌ఫోన్స్‌లో.