పరుగులు చూసి ఎంచాలా, ఆట చూసి ఎంచాలా?

భారత క్రికెట్ జట్టును ప్రకటించిన రోజు సాయంత్రం విజయనగరంలో మా మైదానంలో సాధన సగమే జరుగుతుంది. రాజాం నుంచి, చీపురుపల్లి నుంచి పిల్లలను వెంటబెట్టుకొచ్చే తండ్రులు నా చుట్టూ చేరి అడిగేది ఒకటే: ‘‘రాష్ట్రాల జట్ల మధ్య జరిగే రంజీలో పరుగులు చేసినవాణ్ణి కాదని, ఐపీఎల్‌లో మెరిసినవాణ్ణి తీసుకోవడం న్యాయమేనా మాస్టారూ?’’ ఒక్కొక్కరికీ చెబుతూ వస్తున్న జవాబునే ఇక్కడ రాస్తున్నాను.

ఆట చూసి ఎంచడాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 2024 చివర్లో గాజువాక కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని ఆస్ట్రేలియా తీసుకెళ్లారు. అప్పటికి రంజీలో అతని బ్యాటింగ్ సగటు చెప్పుకోదగ్గది కాదు. అంతకుముందు ఐపీఎల్‌లో వేగాన్ని ఎదుర్కొన్న తీరు, పేస్ బౌలింగ్ కూడా వేయగలగడం సెలక్టర్లకు నచ్చాయి. మెల్‌బోర్న్‌లో ఎనిమిదో స్థానంలో దిగి 114 పరుగులు చేశాడు. సగటుల పట్టిక ఒక్కటే ముందు పెట్టుకుని ఉంటే ఆ శతకాన్ని మనం చూసేవాళ్లం కాదు. పైగా పరుగులన్నీ ఒక్క తూకానివి కావు. బంతి తిరగని, లేవని పిచ్ మీద చేసిన నూటయాభై కంటే పచ్చిక పిచ్ మీద మొదటి గంట నిలబడి చేసిన నలభై గొప్పది కావచ్చు. అది తెలియాలంటే చూడాల్సిందే.

అయినా నా మొగ్గు పరుగుల వైపే. కన్ను తాను వెళ్లిన చోటే చూస్తుంది. పలాసలోనో పార్వతీపురంలోనో మ్యాటింగ్ (చాప పరిచిన పిచ్) మీద ఆడుతున్న పిల్లవాణ్ణి చూడటానికి పెద్ద సెలక్టర్లెవరూ రారు. వాడి తరఫున అంత దూరం వెళ్లగలిగింది స్కోర్‌బుక్ ఒక్కటే. దాన్ని పక్కన పెడితే వాడు లేనట్టే.

నా దగ్గర నేర్చుకున్న ఒక కుర్రాడు ఒకే సీజన్‌లో మూడు శతకాలు చేసి ట్రయల్స్‌కు వెళ్లాడు. నెట్స్‌లో పదకొండు బంతులు ఆడించారు. బ్యాటు పట్టుకున్న తీరు బాగా లేదని పంపేశారు. స్కోర్‌బుక్ నా సంచిలోనే ఉంది, తీయమని ఎవరూ అడగలేదు. తిరుగు బస్సులో వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పదకొండు బంతుల్లో ఎవరి ఆటనైనా అంచనా కట్టగలమని నేను ఇప్పటికీ నమ్మను.

కరుణ్ నాయర్ సంగతే చూడండి. 2016 డిసెంబరులో చెన్నైలో ఇంగ్లండ్ మీద 303 నాటౌట్. 2018లో ఇంగ్లండ్ పర్యటనకు మొదటి నుంచీ జట్టుతోనే ఉన్నాడు. సిరీస్ మధ్యలో వచ్చి చేరిన హనుమ విహారికి ఓవల్ టెస్టులో చోటిచ్చారు. మన కాకినాడ కుర్రాడు 56 పరుగులు చేస్తుంటే సంబరపడినవాళ్లలో నేనూ ఉన్నాను. విహారి కూడా రంజీ పరుగుల మీదే అక్కడిదాకా వెళ్లాడు, అతని అర్హతలో లోటేమీ లేదు. కానీ అన్ని వారాలు బెంచి మీద కూర్చున్నవాణ్ణి ఎందుకు దాటేశారన్నది ఈనాటికీ నా మనసుకు ఎక్కలేదు. కరుణ్‌ను మళ్లీ టెస్టుల్లోకి తెచ్చింది పరుగులే. 2024-25లో దేశవాళీ వన్డే టోర్నీ విజయ్ హజారే ట్రోఫీలో 779 పరుగులు చేశాడు, ఔటైంది రెండుసార్లే. 2025లో మళ్లీ ఇంగ్లండ్ వెళ్లి ఎనిమిది ఇన్నింగ్స్‌లలో 205 పరుగులే చేయగలిగాడు, చోటు పోయింది. ఆ నిర్ణయం కఠినమే కానీ, కారణం ఎవర్నీ అడగనక్కర్లేదు. ఎంపికైనవాడికే కాదు, తప్పించినవాడికీ పరుగులు జవాబు చెబుతాయి.

హోదా చూసి ఎంచితే ఏమవుతుందో మా ఊరివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1936లో భారత్ తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు జట్టులో ఉండగానే మా విజయనగరం రాజకుమారుడు విజ్జీ కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లి, మూడు టెస్టుల్లో 33 పరుగులు చేశారు. భారత్ తరఫున తొలి టెస్టు శతకం కొట్టిన లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. క్రికెట్ కోసం విజ్జీ ధారాళంగా ఖర్చు పెట్టిన మాట నిజమే, అయినా ఆ పర్యటన తలచుకుంటే బాధ కలుగుతుంది. ఇక ప్రాంతాల వారీ వాటాలతో జట్టు బలపడదు. పరుగెత్తించి దమ్ము కొలిచే యోయో పరీక్ష ఒంటి సత్తువనే చెబుతుంది.

నన్నడిగితే, ముందు పరుగులు, వికెట్లు చూసి ముప్పై మందిని తేల్చాలి. ఆ ముప్పై మంది ఆడే చోటికి సెలక్టర్లు వెళ్లి, నెట్స్‌లో కాదు, నాలుగు రోజుల మ్యాచ్‌లో చూడాలి. మా పిల్లల స్కోర్‌బుక్‌లో ఇప్పుడు పరుగుల పక్కనే ఎదుర్కొన్న బంతులు, పిచ్ ఎలా ఉంది, అవతల ఎవరు బౌలింగ్ వేశారు అన్నవీ రాయిస్తున్నాను. ఈసారి ట్రయల్స్‌కు వెళ్తే అడగకపోయినా దాన్ని తీసి బల్ల మీద పెడతాను.