తుపాకీ శుభ్రానికి ఇంట్లో సరుకా, ప్రత్యేక ద్రావకమా: ఏది మేలు?

తుపాకీని శుభ్రం చేయడం ఒకే పనిలా కనిపించినా, నిజానికి అందులో మూడు పనులున్నాయి. పేలినప్పుడు మిగిలిన మసినీ లోహపు మరకలనూ కరిగించి తీయడం మొదటిది, లోపల తడి లేకుండా ఆరబెట్టడం రెండోది, తుప్పు పట్టకుండానూ కదిలే భాగాలు అరిగిపోకుండానూ నూనె పూయడం మూడోది. సబ్బు, గాజు తుడిచే ద్రవం, వెనిగర్, వంటనూనె పనికొస్తాయా అని అడిగేవారు ఈ మూడింటినీ కలిపి అడుగుతారు, కాబట్టి జవాబులూ కలగాపులగంగా వస్తాయి. విడదీసి చూస్తే మొదటి పనిలో ఇంటి సరుకు కొన్నిచోట్ల నెగ్గుతుంది, మూడో పనిలో దాదాపు ఎప్పుడూ ఓడిపోతుంది. ఏది ఎంచుకున్నా, ముందుగా చాంబర్‌లో, అంటే తూటా కూర్చునే అరలో, తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. తూటాలను మరో గదిలో ఉంచాలి.

ఇంటి సరుకు స్పష్టంగా నెగ్గే చోటు పాతకాలపు నల్ల తుపాకిమందు వాడే తుపాకులు. ఆ తుపాకిమందు కాలాక మిగిలేదాంట్లో పొటాషియం లవణాలు ఎక్కువ. పొటాషియం క్లోరేట్ కలిసిన పాతకాలపు ప్రైమర్లు (తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న మూతలు) కూడా పొటాషియం క్లోరైడ్‌ను గొట్టంలో వదులుతాయి. ఇవి గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును తినేస్తాయి. పెట్రోలియంతో చేసిన ద్రావకం ఎంత ఖరీదైనదైనా ఉప్పును కరిగించలేదు, నీరు కరిగిస్తుంది. లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు వాడిన బ్రిటిష్ సైనికులు గరాటు పెట్టి గొట్టంలో మరిగే నీళ్లు పోసేవారంటే కారణం ఇదే. వేడెక్కిన ఉక్కు త్వరగా ఆరిపోవడం అదనపు లాభం. అమ్మోనియా ఉన్న గాజు ద్రవం ఈ లవణాలను విరిచేస్తుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. పొటాషియం క్లోరైడ్ ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు, విరిచేందుకు అందులో ఏమీ లేదు. అక్కడ పని చేస్తున్నది ఆ సీసాలోని నీరే. అందువల్ల వేడి నీళ్లూ, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలూ చాలు.

ఇప్పటి తూటాల సంగతి వేరు. వాటి ప్రైమర్లు చాలావరకు అలాంటి లవణాలను వదలవు. గొట్టంలో మిగిలేవి గట్టిపడిన మసి, సీసం, రాగి. రాగి మీద సబ్బు పని చేయదు, గాజు ద్రవంలోని కొద్దిపాటి అమ్మోనియా కూడా చాలదు. ఇక్కడ ప్రత్యేక ద్రావకానికి పెట్టిన డబ్బు వృథా కాదు. 1903 నుంచి అమ్ముడవుతున్న హాపీస్ నెంబర్ 9 లాంటిది ఊరికే ఇంతకాలం నిలబడలేదు. రాగి ద్రావకంతో తడిపిన తెల్లటి గుడ్డ ముక్కను గొట్టంలోంచి తోస్తే, రాగి ఉన్నంతకాలం అది నీలి ఆకుపచ్చ మరకతో బయటికి వస్తుంది. అయితే గొట్టం తోమడానికి కంచు తీగల కుచ్చు (బ్రష్) వాడితే ఆ కుచ్చులోని రాగే కరిగి అదే రంగునిస్తుంది, దాంతో శుభ్రమైన గొట్టాన్ని కూడా గంటలకొద్దీ తోముతూ కూర్చోవలసి వస్తుంది. నైలాన్ కుచ్చు వాడితే ఈ పొరపాటు జరగదు.

బ్లీచ్, వెనిగర్ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు: రెండూ వద్దు. తుపాకీ మీది నల్లటి బ్లూయింగ్ అతి పలుచని ఐరన్ ఆక్సైడ్ పొర, వెనిగర్‌లోని ఆమ్లం దాన్ని ఊడదీస్తుంది. బ్లీచ్ స్టెయిన్‌లెస్ ఉక్కులో కూడా చిన్న చిన్న గుంటలు పెడుతుంది, అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది. ఇక వెనిగర్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి సీసపు మురికిని నానబెట్టే పద్ధతి అన్నింటికన్నా ప్రమాదకరం. సీసం లెడ్ ఎసిటేట్‌గా మారి నీళ్లలో కరుగుతుంది, అది ఒంట్లోకి సులువుగా చేరే విషం.

డబ్ల్యూడీ-40 మీద వాదన ఎంతకీ తెగదు, కానీ జవాబు దాని పేరులోనే ఉంది. 1953లో శాన్ డియాగోలో ఈ స్ప్రే ద్రవాన్ని తయారు చేసింది నీటిని తరిమేయడానికి (ఇంగ్లిష్‌లో ‘వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్’, అదే డబ్ల్యూడీ), 40వ ప్రయత్నంలో కుదిరింది కాబట్టి ఆ అంకె. కడిగిన తుపాకీ సందుల్లోని తడిని వెళ్లగొట్టే రెండో పనికి అది చక్కగా సరిపోతుంది. ఎక్కువ కాలం నిలిచే కందెన స్థానంలో మాత్రం దాన్ని పెట్టకూడదు.

మూడో పనికి వంటనూనె అసలే కూడదు. గాలి తగిలి నెలల్లో జిగురుగా మారుతుంది, తూటా ప్రైమర్‌ను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ దగ్గర ఆ జిగురు పేరుకుంటే పిన్ మందకొడిగా కదిలి తూటా పేలకపోవచ్చు. సింథటిక్ ఇంజిన్ ఆయిల్ కందెనగా పరవాలేదు గానీ, తుప్పు నుంచి కాపాడే పొర కోసం తుపాకీ నూనెనే నేను ఎంచుకుంటాను. ఒక చిన్న సీసా చాలాకాలం వస్తుంది.

పరికరాల్లో పాత టూత్‌బ్రష్షూ, ఉతికిన నూలుగుడ్డా దేనికీ తీసిపోవు. గిన్నెలు తోమే ఇనుప పీచును మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. మసిలో సీసం ఉంటుంది కనుక ఈ పనిని వంటింటి సింకులో కాక గాలి ఆడే వేరే చోట చేసుకుని, తర్వాత చేతులు చల్లటి నీళ్లతో, సబ్బుతో కడుక్కోవాలి. నీళ్లతో కడిగిన తుపాకీకి నూనె పూసి ఊరుకోకుండా, మర్నాడు గొట్టంలోంచి ఒక తెల్లగుడ్డను తోసి చూడాలి. దానిమీద ఇటుక రంగు కనిపిస్తే ఎక్కడో లవణమో తడో మిగిలిందన్నమాట, కడగడం, ఆరబెట్టడం, నూనె పూయడం మళ్లీ మొదటినుంచీ చేయాలి.