హాస్టలా, బడా, ఇల్లా: పిల్లలు మనకు దగ్గరగా ఎదగాలంటే ఏది మేలు?

మా పెద్దాడు అయిదో తరగతి హాస్టల్లో ఉండి చదివాడు. దసరా సెలవులకి ఇంటికొచ్చిన రాత్రి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మా, నీళ్లు తాగొచ్చా?" అని అడిగాడు. సొంతింట్లో నీళ్లు తాగడానికి! ఆ మాట విన్నాక చాలా రోజులు నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఏడాది కాగానే తీసుకొచ్చేశాం. తర్వాత రెండేళ్లు ఇంట్లోనే చదివి, ఇప్పుడు ఎనిమిదో తరగతికి మళ్లీ బడికి వెళ్తున్నాడు. వాడి చెల్లెలు మాత్రం మూడో తరగతి నుంచీ ఇంటి దగ్గరే. అలా మూడు దారులూ చూశాం. మార్కుల సంగతి ఇంకొకరు చెబుతారు. ఇంట్లోవాళ్లు ఒకరికొకరు ఎంత దగ్గరయ్యారన్నదే నేను చెప్పగలను.

హాస్టల్ మొత్తానికే చెడ్డదని అనను. కూలి కోసం ఊళ్లు తిరిగే తల్లిదండ్రులకు బిడ్డను నమ్మకంగా వదలగలిగే చోటు గురుకులమే. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న పిల్లే. ఇల్లు ఇవ్వలేనిది ఆమెకు అక్కడ దొరికింది. మా పరిస్థితి అది కాదు. ఇంట్లో నేనున్నాను, వాళ్ల నాన్నమ్మ ఉంది. అయినా పోటీలో వెనకబడతాడన్న భయంతో పదేళ్లవాణ్ణి పంపేశాం. వారానికోసారి ఫోను. వాడి వెనకాల ఇంకా బోలెడుమంది పిల్లలు వరసలో నిలబడి ఉండేవారు. "తిన్నావా, ఒంట్లో బాగుందా, పరీక్ష ఎలా రాశావ్" అనేసరికి టైమైపోయేది. వాడికి కొత్తగా ఏ పన్ను ఊడిందో, ఎవరితో స్నేహం కుదిరిందో మాకు తెలీదు.

రోజూ ఇంటికొచ్చే బడిలో ఆ దూరం ఉండదు కదా అనుకుంటాం. హాస్టల్‌కి ముందు మా రోజు ఇలా ఉండేది: ఏడున్నరకి బస్సు, సాయంత్రం అయిదుకి రాక, పాలు తాగి ట్యూషన్, మళ్లీ ఏడున్నరకి ఇల్లు, తొమ్మిదిన్నరకి నిద్ర. మిగిలిన ఆ రెండు గంటల్లో డైరీ చూడటం, హోంవర్క్ చేయించడం, అన్నం తినమని కేకలేయడం. ఆ రెండు గంటల్లోనూ నేను బడికి కాపలాదారునే. అయితే బడికో మంచి గుణం ఉంది. పిల్లవాడు మనం చూడని లోకంలో తిరిగొచ్చి దాని కబుర్లు చెబుతాడు. ఆ కబుర్లు వినే తీరిక మనకుంటే ఆ ఇంటికి బడి అడ్డం కాదు. ట్యూషన్ మాన్పించగలిగితే చాలామందికి అదే సరిపోతుందని నా నమ్మకం.

ఇంటి చదువు మొదలుపెట్టిన తొలి నాలుగు నెలలూ మేం ఇంకా దూరమయ్యాం. ఇది దాచకుండా చెప్పాలి. గోడకి టైంటేబుల్ అంటించాను. తొమ్మిదికి తెలుగు, పదికి లెక్కలు. తప్పు చేస్తే ఎర్ర పెన్నుతో దిద్దేదాన్ని. ఒకరోజు బియ్యం తీయబోతే డబ్బాలో నాలుగు మడతలు పెట్టిన కాగితం దొరికింది. చిన్నది తప్పు చేసిన లెక్క అది. నాకు కనబడకుండా దాచింది. టైంటేబుల్ ఆ రోజే చింపేశాను.

ఆ తర్వాత లెక్కలు మా అత్తగారి చేతికి వెళ్లాయి. ఆవిడ దగ్గర పాత కొలత పాత్రలున్నాయి. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. పిల్లలు బియ్యం కొలుస్తూ, పోస్తూ, కుంచానికి అరవై నాలుగు గిద్దలని వాళ్లే తేల్చారు. సగం, పావు, అరపావు అన్నీ ఆ బియ్యంలోనే వచ్చాయి. మా అత్తగారు చదివింది మూడో తరగతే. చిన్నది ఆవిడకి ఎక్కాలు అప్పజెప్పడం, ఆవిడ తప్పు పట్టడం, ఇద్దరూ కొట్లాడుకోవడం చూస్తుంటే కడుపు నిండేది. అంతకు ముందు ఆ ముసలావిడ మధ్యాహ్నాలు టీవీ ముందు ఒంటరిగా కూర్చునేది.

మా ఆయనది రాజమండ్రిలో మోటార్ వైండింగ్ షాపు. నాన్న ఏం చేస్తాడో పెద్దాడు అప్పటిదాకా చూడనేలేదు. వారానికి రెండు పూటలు షాపుకెళ్లి రాగితీగ చుట్లు లెక్కపెట్టేవాడు. చుట్లు తగ్గితే మోటారు ఎందుకు కాలిపోతుందని అడిగితే మా ఆయన దగ్గర జవాబుంది గానీ, దాన్ని వివరించే మాటల్లేవు. ఇద్దరూ భౌతికశాస్త్రం పుస్తకం తెచ్చుకుని రాత్రిళ్లు చదివారు. నాన్నకి తెలియనివి కూడా ఉంటాయని, అడిగి నేర్చుకోవడంలో నామోషీ లేదని వాడు చూశాడు. ఇంటి చదువు మాకిచ్చిన వాటిలో నేను ఎక్కువగా దాచుకున్నది ఇదే. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియానికి మామూలు రోజున వెళ్తే రద్దీ ఉండదు. 1852కల్లా ఆనకట్ట కట్టిన తీరు నమూనాల్లో చూసుకుంటూ పూటంతా గడిపాం.

ఇక దీనికి చెల్లించిన మూల్యం. నా కుట్టుపని సగానికి పడిపోయింది. ఈ బరువు దాదాపు ప్రతి ఇంట్లోనూ తల్లి మీదే పడుతుంది. తండ్రి పూట పంచుకోకపోతే మొదలుపెట్టకండి. రోజంతా ఒకేచోట ఉండేసరికి అన్నాచెల్లెళ్ల తగాదాలు పెరిగాయి. సాయంత్రం వీధిలో ఆడుకుందామంటే మిగతా పిల్లలంతా ట్యూషన్లో ఉంటారు. పెద్దాణ్ణి బాధపెట్టింది ఈ ఖాళీ వీధే.

చట్టం సంగతీ తెలుసుకుని దిగాలి. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. ఇంటి చదువు ఊసు అందులో విడిగా లేదు. పరీక్షలకు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్ ఉంది. మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన ఏ, బీ, సీ స్థాయిలు ఉన్నాయి. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి కట్టొచ్చు. తిరిగి బడికి పోవాలన్నా, వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని ఆ చట్టంలోనే ఉంది. మాకు ధైర్యమిచ్చింది ఆ వెసులుబాటే.

నన్నడిగితే, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లకైనా తీరిక, ఓపిక ఉంటే ప్రాథమిక తరగతులకు ఇల్లే మేలు. పన్నెండు, పదమూడేళ్లు వచ్చాక పిల్లల్నే అడగాలి. మావాణ్ణి అడిగాం. "నాకు క్రికెట్ ఆడటానికి పదకొండుమంది కావాలమ్మా" అన్నాడు. ట్యూషన్ లేకుండా బడిలో చేర్చాం. ఇప్పుడు అయిదుకి వచ్చి, బ్యాగు పడేసి, నాన్నమ్మ మంచం మీదే కూర్చుని ఆ రోజు కబుర్లన్నీ చెబుతాడు. ఎవరూ అడగక్కర్లేదు. చెల్లెలు మధ్యలో అడ్డొస్తే మాత్రం కసురుతాడు.