నాలుగేళ్లుగా పాస్‌వర్డ్ అడగని కంప్యూటర్

మా నాన్నగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. మాది మల్కాజిగిరి. 2021 సంక్రాంతి వెళ్లాక సికింద్రాబాద్ సీటీసీలో ఒక కంప్యూటర్ అసెంబుల్ చేయించి తెచ్చి హాల్లో పెట్టాను. పొద్దున ఆరింటికి కాఫీ గ్లాసుతో కూర్చుని ఈ-పేపర్ చదవడం, ఆదివారాలు డాలస్‌లో ఉన్న మనవరాలితో వీడియో కాల్ మాట్లాడటం, అంతే ఆయనకు దానితో పని. నాలుగంకెల పిన్ పెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని వేంకట్రామా క్యాలెండర్ వెనకవైపు పెన్సిలుతో రాసుకున్నారు. ముందువైపు రాస్తే వచ్చేపోయేవాళ్లు చూస్తారట!

కొత్త సంవత్సరం రాగానే అమ్మ పాత క్యాలెండర్‌ను విడదీసి వంటింటి అలమరలో పరిచేసింది. నేను మెట్టుగూడలో మెట్రో ఎక్కుతుండగా నాన్నగారి ఫోను. "అమ్మా, ఇది ఏ1బీ2సీ3 అంటోంది. కొత్త పాస్‌వర్డ్ ఇచ్చిందేమో. అదే కొట్టాను, మళ్లీ పిన్నే అడుగుతోంది." వరుసగా పిన్ తప్పు కొడితే, చేతికందిన మీటలు నొక్కడం లేదని తేల్చుకోవడానికి విండోస్ ఆ ఆరక్షరాలు టైపు చేయమంటుంది. దాని తరువాత అసలు పిన్ ఇవ్వాలి. అసలు పిన్ మాత్రం పోపుల డబ్బా కింద ఉంది.

ఆ రాత్రే లాగిన్ అడగడం మాన్పించాను. అది 2022 జనవరి. అప్పటి నుంచి ఇప్పటిదాకా వాడిన అనుభవంతో రాస్తున్నాను.

మొదటి చిక్కు, చెప్పిన చోట చెప్పిన గడి లేకపోవడం. విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి నెట్‌పీఎల్‌విజ్ (netplwiz) అని కొడితే ఖాతాల జాబితా వస్తుంది. దాని పైన, ఈ కంప్యూటర్ వాడాలంటే పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలనే గడిలో టిక్కు తీసేస్తే సరిపోవాలి. మా దాంట్లో ఆ గడే లేదు. సెట్టింగ్స్‌లో ఖాతాల కింద, సైన్-ఇన్ ఆప్షన్స్‌లో, మైక్రోసాఫ్ట్ ఖాతాలకు విండోస్ హలో (పిన్, వేలిముద్ర, ముఖంతో లోపలికి వెళ్లే పద్ధతి) మాత్రమే అనుమతించే మీట ఒకటుంది. దాన్ని ఆపి, ఖాతాల జాబితా ఉన్న కిటికీ మూసి మళ్లీ తెరిస్తే గడి ప్రత్యక్షమైంది.

రెండో తప్పు నాదే. టిక్కు తీశాక రెండుసార్లు పాస్‌వర్డ్ అడిగితే అలవాటు కొద్దీ పిన్ ఇచ్చాను. అది తప్పో ఒప్పో చూడకుండానే తీసేసుకుంది. తెల్లారి ఆన్ చేస్తే పాస్‌వర్డ్ తప్పని మొదటికొచ్చింది. అక్కడ ఇవ్వాల్సింది పిన్ కాదు, నా మైక్రోసాఫ్ట్ ఖాతా అసలు పాస్‌వర్డ్. తరువాతెప్పుడో మెయిలు కోసం ఆ పాస్‌వర్డ్ మార్చినప్పుడూ ఇదే తంతు: కంప్యూటర్ పాతదాన్నే పట్టుకుని కూర్చుంది.

ఇంత చేశాక కూడా నాన్నగారు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి తెర మళ్లీ పిన్ అడిగేది. నిద్రలోంచి లేచినప్పుడు అడగడం వేరే లెక్క. అదే సైన్-ఇన్ ఆప్షన్స్‌లో, కాసేపు వదిలి వెళితే మళ్లీ ఎప్పుడు అడగాలన్న చోట నెవర్ అని పెట్టాలి.

విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోకి వెళ్లి డిఫాల్ట్‌పాస్‌వర్డ్ అన్న చోట పాస్‌వర్డ్ రాసేయమని కొన్ని వీడియోలు చెబుతాయి. ఆ పని చేయకండి. అక్కడ అది ఉన్నదున్నట్టు, చదువుకోవడానికి వీలుగా పడి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఆటోలాగాన్ అనే చిన్న ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది, అది పాస్‌వర్డ్‌ను గుప్తలిపిలో దాస్తుంది. నెట్‌పీఎల్‌విజ్ మొండికేస్తే నేను దాన్నే వాడతాను.

ఆరు నెలలు హాయిగా గడిచింది. ఆషాఢంలో బోనాల ఆదివారం ఇంటి నిండా చుట్టాలు. మా అత్తయ్య మనవడు, ఎనిమిదో తరగతి, ఆట ఆడుకుందామని కూర్చున్నాడు. తెరుచుకున్నది నా ఖాతా. బ్రౌజరు తెరిస్తే నా మెయిలు. మర్నాడు చూసుకుంటే, నీటి బిల్లు బకాయి గురించి అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి ఘాటుగా రాసిన మెయిలుకు నా పేరుతో ఒక నవ్వు బొమ్మ జవాబుగా వెళ్లి ఉంది. ఆయన ఇప్పటికీ లిఫ్టులో నన్ను చూస్తే అంకెలు చూస్తూ నిలబడతారు.

అప్పుడుగానీ నాకు బుద్ధి రాలేదు. తలుపు తీసి పెట్టడంలో తప్పు లేదు, ఎవరి గదికి తీసి పెట్టానన్నదే తప్పు. నాన్నగారికి విడిగా ఒక స్థానిక ఖాతా, అంటే ఆ కంప్యూటర్‌కే పరిమితమైనది, తెరిచాను, అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేకుండా. ఆన్ చేయగానే నేరుగా ఆయన ఖాతాలోకే వెళుతుంది. అందులో ఈ-పేపర్, వీడియో కాల్, పంచాంగం, అంతే. చాలా ప్రోగ్రాంలు ఎక్కించాలంటే నా పాస్‌వర్డ్ అడుగుతుంది. నా మెయిలు, బ్యాంకు పనులు నా ఖాతాలో, పిన్ వెనక. మొదటిరోజే ఇలా చేసి ఉంటే ఆ నవ్వు బొమ్మ బాధ తప్పేది.

ల్యాప్‌టాప్‌కు మాత్రం ఈ పని వద్దంటాను. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు గుప్తలిపిలోనే ఉంటుంది, కానీ ఆన్ చేయగానే తాళం దానంతటదే తెరుచుకుంటుంది. దొంగకూ మన ఫైళ్లకూ మధ్య మిగిలే అడ్డు ఆ లాగిన్ తెర ఒక్కటే. హాల్లో టేబుల్ మీద కదలకుండా ఉండే డబ్బా సంగతి వేరు. దాన్ని ఎత్తుకెళ్లాలంటే ముందు మా అమ్మను దాటాలి.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోతుందని, దానికి ముందే 11కి మారాను. మారాక మళ్లీ లాగిన్ తెర వచ్చింది, గడి మళ్లీ మాయమైంది. దారి తెలుసు కనుక ఐదు నిమిషాల పని అయింది.

ఇంకా ఒక్క ఇబ్బంది మిగిలి ఉంది. రాత్రి నా ఖాతాలో పని చేసుకుని, సైన్ అవుట్ చేయకుండా తెర లాక్ చేసి పడుకున్నానంటే, పొద్దున ఆరింటికి నాన్నగారి ముందు నా పేరు, దాని కింద పిన్ గడి. మూలనున్న ఆయన పేరు నొక్కితే చాలని పదిసార్లు చెప్పాను. ఆయన నొక్కరు. అందుకే పడుకునే ముందు రీస్టార్ట్ కొట్టి పోతాను. మరిచిపోయిన రోజున, ఇంకా నిద్ర లేవకముందే, గది తలుపు మీద చప్పుడు: "అమ్మా, ఇది నిన్ను అడుగుతోంది."